60 పియానోల సంగీత కళాశాల: కొనే డబ్బు, కాపాడే డబ్బు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓబర్లిన్ అనే చిన్న ఊరుంది. అక్కడి కాలేజీకి చెందిన కన్సర్వేటరీ, అంటే సంగీత విభాగం, 1865లో మొదలైంది. 1877 నుంచి స్టైన్‌వే అనే సంస్థ పియానోలే కొంటూ వస్తోంది. ఇప్పుడు అక్కడ 200కు పైగా స్టైన్‌వేలున్నాయి, సాధన గదులే దాదాపు 150. పియానో టెక్నాలజీలో ఆర్టిస్ట్ డిప్లొమా కూడా నేర్పుతారు. పియానోలను సొంత మనుషులతో చూసుకోవడం అక్కడ అలవాటుగా స్థిరపడింది. దాన్ని చూసి మిగతా కళాశాలలు ముందుగా అనుకరించేది మాత్రం పియానోల బ్రాండునే. నిజానికి అనుకరించాల్సింది ఆ అలవాటును.

చాలా కాలేజీలకు 200 పియానోలు ఉండవు. అందుకే ఇక్కడ అదే ఒహాయో వాతావరణంలో 60 పియానోలున్న కళాశాలను మాదిరిగా తీసుకుని, గంటలు, డాలర్లు లెక్కగట్టి చూద్దాం. ధరలు లెక్క సులువుగా సాగడానికి గుండ్రంగా వేసుకున్నవి. ఎవరి కళాశాలకు వాళ్లు తమ ఊరి ధరలు పెట్టి చూసుకోవచ్చు.

ఏమున్నాయి, ఎన్ని గంటలు పడతాయి

తీగలు అడ్డంగా పరిచి ఉండే పియానో గ్రాండు, నిలువుగా ఉండేది అప్‌రైటు. కచేరీ హాల్లో 2 కాన్సర్ట్ గ్రాండ్లు. అధ్యాపకుల గదుల్లో 10 గ్రాండ్లు. తరగతి గదుల్లో 4 గ్రాండ్లు, 4 అప్‌రైట్లు. సాధన గదుల్లో 16 గ్రాండ్లు, 24 అప్‌రైట్లు. మొత్తం 32 గ్రాండ్లు, 28 అప్‌రైట్లు.

ట్యూనింగుతో మొదలుపెడదాం. హాలు పియానోకు ప్రతి కచేరీ ముందూ ట్యూనింగ్ ఉండాలి కాబట్టి ఒక్కోదానికి ఏడాదికి 60, రెండింటికీ 120. అధ్యాపకుల గదుల్లో ఒక్కోదానికి 8 చొప్పున 80. తరగతి పియానోలకు 6 చొప్పున 48. సాధన గదులకు 6 చొప్పున 240. మొత్తం 488 ట్యూనింగులు. ఒక్కోదానికి గంటన్నర వేస్తే 732 గంటలు.

చాలా కాలేజీల బడ్జెట్టు ఇక్కడే ఆగిపోతుంది. అసలు నష్టమూ ఇక్కడే మొదలవుతుంది. మెట్టు (కీ) నొక్కితే సుత్తి తీగను కొట్టేలా చేసే యంత్రాంగం యాక్షన్. గ్రాండు యాక్షన్‌ను పూర్తిగా రెగ్యులేట్ చేయడానికి, అంటే దాని కొలతలన్నీ సరిచేయడానికి, 16 గంటలు పడుతుంది. మూడేళ్లకోసారి వంతు వచ్చేలా చూస్తే ఏడాదికి 11 గ్రాండ్లు, అంటే 176 గంటలు. అప్‌రైట్లకు 8 గంటల చొప్పున, నాలుగేళ్లకోసారి అయితే ఏడాదికి 7 పియానోలు, 56 గంటలు. చిన్న మరమ్మతులకు, అత్యవసర పిలుపులకు చదువు నడిచే 36 వారాల్లో వారానికి 5 గంటల చొప్పున 180. తేమ పరికరాల తనిఖీకి 100. సుత్తులు మార్చడం, తీగలు మార్చడం లాంటి పెద్ద పనులు ఏడాదికి మూడు, ఒక్కోటి 40 గంటల చొప్పున 120. రికార్డులు, కొనుగోళ్లు, అధ్యాపకులతో మాటలు అన్నీ కలిపి 150. మొత్తం 1,514 గంటలు.

అమెరికాలో పూర్తికాలం ఉద్యోగికి ఏడాదికి 2,080 గంటలు. సెలవులు, శిక్షణ, కచేరీ రాత్రులు తీసేస్తే మిగిలేది ఒక మనిషి పనే. 60 పియానోలకు ఒక పూర్తికాలం టెక్నీషియన్ అన్న మాట ఈ లెక్కకు సరిపోతుంది. 90 పియానోలున్న చోట కూడా ఒక్కరే ఉంటే 1,514 గంటల్లో ఏ పని రాలిపోతుందో ముందే చెప్పొచ్చు. రెగ్యులేషన్ రాలిపోతుంది. ట్యూనింగ్ చేయకపోతే అందరి చెవులకూ తెలుస్తుంది. రెగ్యులేషన్ చేయకపోతే రెండేళ్ల దాకా ఎవరికీ తెలియదు.

బయటి ట్యూనర్‌కు ఒప్పందం ఇస్తే? ట్యూనింగ్‌కు 150 డాలర్లు వేసినా 488కి 73,200 డాలర్లు అవుతాయి. ఆ డబ్బుతో ట్యూనింగులు మాత్రమే జరుగుతాయి. జిగురు ఊడిన సుత్తి, కిర్రుమనే పెడల్, ఎండిపోయిన నీళ్ల తొట్టి ఎవరి పనీ కాకుండా మిగిలిపోతాయి. మనిషిని తీసుకునేటప్పుడు పియానో టెక్నీషియన్స్ గిల్డ్ వారి రిజిస్టర్డ్ టెక్నీషియన్ అర్హత అడగడం మంచిది. దానికి రాత పరీక్షతో పాటు ట్యూనింగుకు, మరమ్మతులకు విడివిడిగా చేతిపని పరీక్షలుంటాయి.

తేమ

పియానో శ్రుతి తప్పేది వాయించడం వల్ల మాత్రమే కాదు. పెద్ద కారణం గాలిలో తేమ. స్ప్రూస్ చెక్కతో చేసిన సౌండ్‌బోర్డు (తీగల కంపనాన్ని పెద్ద శబ్దంగా మార్చే పలక) తేమ పీల్చి ఉబ్బుతుంది, దాని వంపు పెరుగుతుంది, బ్రిడ్జి (తీగలు ఆనే చెక్క పట్టీ) తీగలను పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఎండితే అదంతా తిరగబడుతుంది. మధ్య స్థాయిలో, బాస్ తీగలు అయిపోయి మామూలు తీగలు మొదలయ్యే చోట ఈ కదలిక అన్నిటికన్నా ఎక్కువ. పరికరాలు లేని పియానోలో వేసవికీ శీతాకాలానికీ అక్కడ 10 నుంచి 20 సెంట్ల తేడా రావడం మామూలే. అర స్వరానికి 100 సెంట్లు. అన్ని స్వరాలూ ఒకే మోతాదులో మారితే ఒంటరిగా వాయించుకునేవాళ్లకు ఇబ్బంది ఉండేది కాదు. ఒక్కో చోట ఒక్కో మోతాదులో మారతాయి కాబట్టి ఆక్టేవులే (ఒకే స్వరం పై, కింది స్థాయిల జతలే) విరిగిపోతాయి.

ఒహాయోలో శీతాకాలం ఎందుకంత కఠినమో ఒక లెక్క చెబుతుంది. సున్నాకు 10 డిగ్రీలు దిగువన, 100 శాతం తేమతో ఉన్న గాలిని లోపలికి తీసుకుని 21 డిగ్రీలకు వేడి చేస్తే, నీరు కలపకపోతే దాని సాపేక్ష తేమ దాదాపు 11 శాతానికి పడిపోతుంది. పియానోకు కావాల్సింది 42 నుంచి 45 శాతం. వేసవిలో అదే గదిలో 65 శాతం దాటుతుంది. చలికాలం సెలవుల్లో కరెంటు ఆదా కోసం భవనం యంత్రాలను తగ్గించే పద్ధతి చాలా కాలేజీల్లో ఉంది. తేమ కలిపే యంత్రం కూడా దాంతో పాటే ఆగిపోతుంది. జనవరిలో తలుపులు తెరిచేసరికి పిన్‌బ్లాకులు (ట్యూనింగ్ పిన్నులను పట్టి ఉంచే చెక్క దిమ్మెలు) వదులై, సౌండ్‌బోర్డులు పగిలి ఉంటాయి. అందుకే భవనాల విభాగంతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి: సంగీత భవనానికి సెలవుల్లోనూ తేమ 40కి తగ్గకూడదు, ప్రతి అంతస్తులో తేమను నమోదు చేసే డేటా లాగర్ ఒకటి ఉండాలి, దాని రీడింగులు టెక్నీషియన్‌కు నేరుగా అందాలి.

భవనం మీద భరోసా లేని చోట ఒక్కో పియానోకు విడిగా తేమ పరికరం అమర్చాలి. ఇందులో నీళ్ల తొట్టి, దానిపై నీరు పీల్చే ప్యాడ్లు, ఎండబెట్టే వేడి కడ్డీలు, తేమను బట్టి వీటిని నడిపే హ్యుమిడిస్టాట్ ఉంటాయి. గ్రాండుకు అడుగున గుడ్డ కవరు వేస్తేనే ఇది పూర్తిగా పనిచేస్తుంది. కవరు లేకుండా అమర్చి ఫలితం లేదని వదిలేసిన చోట్లు చాలా ఉన్నాయి. పసుపు లైటు వెలిగితే నీళ్లు పోయాలి. జనవరి, ఫిబ్రవరిల్లో తొట్టి వారం పది రోజుల్లో ఖాళీ అవుతుంది. ఇది టెక్నీషియన్ గంటలు తినే పని కాదు. వారానికి నాలుగు గంటలకు ఒక విద్యార్థికి పని ఇస్తే 40 గదులు తిరిగి వస్తాడు. నీటిలో ప్యాడ్ మందు కలపాలి, ప్యాడ్లు ఏడాదికోసారి మార్చాలి. ఆ మందు లేకపోతే ఉప్పు పేరుకుని ప్యాడ్లు అట్టలా గట్టిపడి నీరు పీల్చడం మానేస్తాయి. తొట్టి నిండుగానే కనిపిస్తుంది, పియానో మాత్రం ఎండిపోతుంది.

విశాఖపట్నంలోనో కాకినాడలోనో పియానో ఉన్నవాళ్లకు సమస్య మరోలా ఉంటుంది. అక్కడ ఎండిపోయే కాలం దాదాపు ఉండదు కాబట్టి తొట్టి అక్కర్లేదు, కడ్డీలూ హ్యుమిడిస్టాట్ చాలు. తీగలకు తుప్పు, కదలని సుత్తులు అక్కడ మొదటి ఫిర్యాదులు. ఏసీ రాత్రంతా ఆపి, పొద్దున్న నాలుగు గంటలు మాత్రం వేసే హాళ్లలో రెండు రకాల దెబ్బలూ ఒకే రోజు తగులుతాయి.

ట్యూనింగ్ వరసను కూడా ఈ వాతావరణాన్ని బట్టే పెట్టాలి. ఆగస్టులో కాలేజీ తెరిచేముందు అన్ని పియానోలకూ ట్యూనింగ్ చేయడం చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ అది ఉబ్బిన సౌండ్‌బోర్డు మీద చేసిన పని. అక్టోబరులో హీటింగ్ మొదలవగానే పోతుంది. సాధన గదులకు ఆరు వంతులను ఇలా పెట్టాలి: ఆగస్టు చివర, సెప్టెంబరు చివర, హీటింగ్ మొదలై మూడు వారాలయ్యాక నవంబరు మధ్య, జనవరి చివర, మార్చి మధ్య, పరీక్ష కచేరీల ముందు ఏప్రిల్. ఒక్కో వంతుకు 40 పియానోలు, 60 గంటలు. రోజుకు అయిదు చేస్తే ఎనిమిది పని దినాలు. శ్రుతి బాగా పడిపోయిన పియానోను ఒకే దఫాలో సరిచేయకూడదు. మొదటి దఫాలో లక్ష్యం కన్నా పడిపోయిన మోతాదులో పావు వంతు ఎక్కువగా లాగి, రెండో దఫాలో నిలబెట్టాలి. ఒక తీగ బిగించినప్పుడల్లా బోర్డు కుంగి మిగతావి దిగిపోతాయి కాబట్టే ఇలా చేయాలి.

సాధన గదిలో ఏది ముందు పోతుంది

ఇంట్లో రోజుకు గంట వాయించే పియానో, కాలేజీలో రోజుకు పది గంటలు వాయించే పియానో ఒకే కర్మాగారం నుంచి వస్తాయి. కాలేజీలో ఒక ఏడాది ఇంట్లో పదేళ్లతో సమానం. వారంటీ పత్రాలు చూసి ఆయుర్దాయం లెక్కగట్టేవాళ్లు దీన్ని మరిచిపోతారు.

ముందు పోయేవి సుత్తులు. సుత్తి కొనకున్న ఉన్ని మీద తీగల ఒత్తిడికి గాడులు పడి, కొన చదునై, స్వరం రేకు మీద కొట్టినట్టు అవుతుంది. ఇసుక కాగితపు పట్టీతో కొనను మళ్లీ గుండ్రం చేయాలి. ఇది మూడు నాలుగు సార్లకు మించి కుదరదు, పై ఆక్టేవులో ఉన్ని ముందే పల్చన కాబట్టి ఇంకా తక్కువ. సుత్తి అరగదీశాక అది పొట్టిదవుతుంది, తీగకు దూరం పెరుగుతుంది. అక్కడితో ఆపేస్తే మెట్టు బరువైనట్టు, ఆలస్యంగా పలికినట్టు అనిపిస్తుంది. అందుకే అరగదీయడం, రెగ్యులేషన్ ఎప్పుడూ జంటగా సాగాలి. గ్రాండులో లక్ష్యాలు స్థూలంగా ఇవి: సుత్తికి తీగకు దూరం 45 మిల్లీమీటర్లు, మెట్టు లోతు 10 మిల్లీమీటర్లు, లెట్‌ఆఫ్ (యాక్షన్ సుత్తిని వదిలేసే చోటు) తీగకు ఒకటిన్నర మిల్లీమీటరు కింద, తీగను తాకి వెనక్కి వచ్చిన సుత్తిని పట్టుకునే చోటు తీగకు 15 మిల్లీమీటర్ల దూరం. మెట్ల కింద ఉన్న ఉన్ని బిళ్లలు నలిగిపోవడమే ఈ కొలతలు తప్పడానికి మొదటి కారణం. కాబట్టి కొలత పట్టీ పట్టుకునే ముందు బిళ్లల సంగతి చూడాలి. మెట్లు సమం కాకుండా లెట్‌ఆఫ్ సరిచేయడం వృథా శ్రమ.

తీగలు తెగడం తర్వాతి సంగతి. గాడులు పడిన సుత్తితో బలంగా వాయించే గదుల్లోనే ఎక్కువ తెగుతాయి. అదే పియానోలో నెలకు రెండు తెగితే తీగను నిందించకుండా సుత్తులను చూడండి. వర్క్‌షాపులో 12½ నుంచి 18 సైజు వరకు, అర సైజులతో సహా 12 తీగ చుట్టలు ఎప్పుడూ ఉండాలి. రాగి చుట్టిన బాస్ తీగను అలా బయట కొనలేం. తెగినదాన్ని తయారీదారుకు పంపి అదే కొలతకు చేయించుకోవాలి. ట్యూనింగ్ పిన్ను దగ్గర తెగిన బాస్ తీగకు ముడివేసి కొత్త ముక్క కలిపితే పాత స్వరం అలాగే నిలుస్తుంది, పొరుగు తీగతో తేడా రాదు. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది కాబట్టి నెల రోజుల పాటు దాన్ని వారానికోసారి లాగాలి. ఈ పని ఎవరి జాబితాలోనూ ఉండదు, అందుకే తీగ మార్చిన పియానోకు తలుపు మీదే తేదీ చీటీ పెట్టడం నయం.

సెంటర్ పిన్లు (యాక్షన్ కీళ్లలోని సన్నని ఇరుసులు) వేసవిలో బిగుసుకుంటాయి, శీతాకాలంలో వదులవుతాయి. గ్రాండు సుత్తి షాంకును (సుత్తి కాడను) పక్కకు పట్టి వదిలితే అయిదు నుంచి ఏడు సార్లు ఊగాలి. రెండుసార్లు ఊగి ఆగితే బిగువు, పది దాటితే వదులు. వదులైనదానికి అర సైజు పెద్ద పిన్ను వేయాలి. అప్‌రైట్లలో వదులైన ట్యూనింగ్ పిన్నుకు పల్చటి సయనోఅక్రిలేట్ జిగురు పిన్ను మొదట్లో రెండు మూడు చుక్కలు వేస్తే పిన్‌బ్లాక్ మరికొన్నేళ్లు పట్టు ఇస్తుంది. హాలు గ్రాండుకు ఈ పని చేయకూడదు. దానికి 2/0 సైజు పిన్ను తీసి, అంతకన్నా లావైన 3/0 వేసే దారే సరైనది.

1962 నుంచి 1980ల మొదటి దాకా న్యూయార్క్ స్టైన్‌వేలలో సెంటర్ పిన్నుల చుట్టూ ఉన్నికి బదులు టెఫ్లాన్ గొట్టాలు పెట్టారు. టెఫ్లాన్ తేమకు మారదు, దాని చుట్టూ ఉన్న చెక్క మారుతుంది. ఆ తేడాకే టిక్కుటిక్కుమనే చప్పుడు. ఒక్కొక్కటి సరిచేసుకుంటూ పోతే అంతుండదు. 88 షాంకులు, 88 విప్పెన్లు (మెట్టు కదలికను సుత్తికి అందించే భాగాలు) మొత్తంగా మార్చేయడమే మార్గం. ఎవరైనా ఆ కాలపు స్టైన్‌వే ఇస్తామంటే లోపలి యాక్షన్ ఎప్పుడు మార్చారో అడగడం మొదటి ప్రశ్న కావాలి.

వీటన్నిటికీ పక్కన చిల్లర శత్రువులున్నాయి: మెట్ల సందున పడిన పెన్సిలు, మూత మీద పెట్టిన నీళ్ల సీసా, తాళం లేని గ్రాండును గది మార్చడానికి తోసుకెళ్లిన విద్యార్థులు. కాలు విరిగిన గ్రాండుకు బాగుచేయించే ఖర్చు ఏడాది తాళాలకన్నా ఎక్కువ. ప్రతి పియానోకు నంబరు, క్యూఆర్ స్టిక్కరు అతికించి, ఏ మెట్టు ఏం చేస్తోందో విద్యార్థి ఫోన్లోంచే రాసేలా చేస్తే తెలియకుండా మిగిలే లోపాలు చాలా తగ్గుతాయి. రెండు పని దినాల్లో ఎవరో ఒకరు వచ్చి చూస్తారని వాళ్లకు నమ్మకం కుదరాలి. లేకపోతే రాయడం మానేస్తారు.

డబ్బు ఎక్కడి నుంచి

కాలేజీ ఖాతాల్లో కొనుగోలు డబ్బు ఒక పెట్టెలో, నడిపే డబ్బు ఇంకో పెట్టెలో ఉంటాయి. దాతలకు కొనుగోలు నచ్చుతుంది. పేరు పలక, ప్రారంభ కచేరీ, ఫొటో అన్నీ అందులోనే ఉన్నాయి. ట్యూనింగుకు పలక ఉండదు. కాబట్టి విరాళం అడిగే రోజునే రెండింటినీ కలిపి అడగాలి.

మూలనిధి (అసలు ముట్టకుండా రాబడి మాత్రమే వాడుకునే నిధి) మీద ఏటా 4.5 శాతం ఖర్చు పెట్టుకోవచ్చనుకుందాం. హాలు పియానోకు 60 ట్యూనింగులంటే 9,000 డాలర్లు. అంత రావాలంటే 2,00,000 డాలర్ల నిధి కావాలి. కొత్త కాన్సర్ట్ గ్రాండు ధర కూడా ఇంచుమించు అంతే. ఒకటి కొనడానికి ఎంత కావాలో, దాన్ని శ్రుతిలో ఉంచడానికి మళ్లీ అంత కావాలి. ఇప్పుడు సాధన గది అప్‌రైటును చూడండి. ఆరు ట్యూనింగులు 900, విడిభాగాలు, ప్యాడ్లు 300, మొత్తం ఏడాదికి 1,200. దానికి 26,667 డాలర్ల నిధి కావాలి. పియానో ధర 12,000 అయితే నిధి దానికి రెండింతలు దాటింది. ఇంట్లో పడి ఉన్న పాత అప్‌రైటును ఉచితంగా ఇస్తామన్నప్పుడు కాలేజీ చేతిలో పడేది ఈ 26,667 డాలర్ల బాధ్యత. దాతకు ఈ లెక్క చూపిస్తే చాలామంది అర్థం చేసుకుంటారు, కొందరు వాయిద్యానికి బదులు నిధికే ఇస్తారు.

పాతబడిన పియానోలను మార్చాల్సిన ఖర్చు వేరే. 2 కాన్సర్ట్ గ్రాండ్లు 2,00,000 చొప్పున, 15 ఏళ్లకు: ఏడాదికి 26,667. అధ్యాపకుల, తరగతి గ్రాండ్లు 14, ఒక్కోటి 90,000, 25 ఏళ్లకు: 50,400. సాధన గ్రాండ్లు 16, ఒక్కోటి 40,000, 20 ఏళ్లకు: 32,000. అప్‌రైట్లు 28, ఒక్కోటి 12,000, 15 ఏళ్లకు: 22,400. మొత్తం ఏడాదికి 1,31,467 డాలర్లు, అంటే 26,36,000 డాలర్ల ఆస్తిలో 5 శాతం. ఇది బడ్జెట్టులో కనిపించని కాలేజీ ఏటా అంత అప్పు చేస్తున్నట్టే లెక్క. హాలు నుంచి దిగిన పియానో అధ్యాపకుడి గదికి, అక్కడి నుంచి బాగుచేసి సాధన గదికి వెళ్లే వరస పాటిస్తే ఈ అంకె బాగా తగ్గుతుంది. దాతతో ఒప్పందం అడ్డురాకుండా ఉండాలి, అంతే.

ఆ ఒప్పందంలో నాలుగు మాటలు తప్పకుండా రాయించాలి. కాలేజీ పియానోను ఏ గదికైనా మార్చుకోవచ్చు. అవసరం తీరాక అమ్మి, ఆ డబ్బుతో మరో పియానో కొనవచ్చు. పేరు పలక కొత్తదానికి మారుతుంది. టెక్నీషియన్ చూసి రాతలో ఒప్పుకున్నాకే స్వీకరణ. అమెరికా పన్ను సంగతి కూడా తెలిసి ఉండాలి. వస్తు రూపంలో ఇచ్చిన దానానికి 5,000 డాలర్లు మించి మినహాయింపు కోరితే దాత అర్హుడైన మదింపుదారుతో విలువ కట్టించి ఫారం 8283 ఇవ్వాలి. కాలేజీ తానే విలువ కట్టకూడదు. మూడేళ్లలోపు అమ్మేస్తే కాలేజీ ఫారం 8282 దాఖలు చేయాలి.

డీలర్లు ఏడాదికి కొత్త పియానోలు అరువిచ్చి, ఏడాది చివర కాలేజీలోనే అమ్మకం పెట్టే పథకాలున్నాయి. కొన్ని చోట్ల ఇవి అక్కరకొస్తాయి. కానీ కొత్త తీగలు సాగుతూ ఉంటాయి కాబట్టి మొదటి ఏడాది ట్యూనింగులు ఎక్కువ కావాలి, ఆ ఖర్చు కాలేజీదే. ఏటా మళ్లీ అదే మొదటి ఏడాది. రవాణా ఎవరిది, అమ్మకం రోజుల్లో ఏ గదులు మూస్తారు, దెబ్బ తగిలితే ఎవరు చెల్లిస్తారు అన్నవి సంతకానికి ముందే తేలాలి. స్టైన్‌వే సంస్థ ఇచ్చే ‘ఆల్-స్టైన్‌వే స్కూల్’ అన్న గుర్తింపుకు 90 శాతం పియానోలు ఆ సంస్థవై ఉండాలి. దాని కిందికి ఆ సంస్థవే అయిన బోస్టన్, ఎసెక్స్ బ్రాండ్లు కూడా వస్తాయి. విరాళాల ఉద్యమానికి ఇది పనికొచ్చే లక్ష్యం. ఒక్క వాక్యంలో దాతకు అర్థమవుతుంది. లక్ష్యం మొత్తాన్ని కొనుగోలు ధరతో ఆపకుండా నిధితో కలిపి ప్రకటిస్తే నా మద్దతు పూర్తిగా ఉంటుంది.

చేతిలో డబ్బే లేని కాలేజీ మొదటి ఏడాది చేయాల్సినది పియానోలు తగ్గించడం. గదుల వాడకం రెండు వారాలు రాసి చూస్తే 24 సాధన అప్‌రైట్లలో ఎవరూ ఇష్టపడని ఎనిమిది తేలతాయి. వాటిని తీసేస్తే ఏడాదికి 48 ట్యూనింగులు, 72 గంటలు మిగులుతాయి. నాలుగున్నర గ్రాండ్లకు పూర్తి రెగ్యులేషన్ చేయడానికి సరిపోయే గంటలవి. విద్యార్థులు వరసలో నిలబడి మరీ కోరుకునే గదుల్లోని గ్రాండ్లతోనే ఆ పని మొదలుపెట్టాలి.